వినోదపు వేటకు కెమెరా లెక్క

చెరువైనను, సముద్రమైనను, అందలి చేపలు పదుగురి సొత్తు. పదుగురి సొత్తునకు లెక్క లేనిచో మొదట నష్టపోవువాడు దానిపై ఆధారపడి బ్రతుకువాడే. అమ్మకమునకై పట్టిన చేపలను తూచవచ్చును. సరదాకు గాలము వేయువారు ఇండ్లకు కొనిపోవు చేపలను తూచువారెవరు? న్యూజిలాండు దేశమున ఈ చిక్కును ఎట్లు ఎదుర్కొనిరో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట మంచిదని మా తలంపు.

చిక్కు ఎక్కడ?

ఆ దేశమున 1986 నుండి వృత్తి జాలరులకు కోటా పద్ధతి కలదు. వారు తాము పట్టిన చేపల లెక్క ప్రభుత్వమునకు చూపవలెను. వినోదమునకై సముద్రములో వేటాడువారికి లైసెన్సు అక్కరలేదు. వారు చేపలను అమ్మరాదు. ఒక్కొక్కరు పట్టునది కొద్దియే. కాని ఆక్లండు నగరము చెంతనున్న హౌరాకీ సింధుశాఖలో సెలవు దినమున దిగు పడవలు అనేకము. అందరును కోరునది స్నాపరు చేపనే.

లెక్కించు విధము

2004-05 ప్రాంతమున పరిశోధకులు కొన్ని ముఖ్యమైన పడవల రేవులపై కెమెరాలు అమర్చిరి. అవి నిమిషమునకొక ఛాయాచిత్రము తీయును. సంవత్సరమంతటి చిత్రములను చూచుట దుర్లభము. కనుక సెలవు దినములను, పనిదినములను వేరుపరచి, చీటీలెత్తినట్లు కొన్ని దినములను ఎన్నుకొని, ఆ దినములలో తిరిగివచ్చిన పడవలను మాత్రము ఎంచుదురు.

కెమెరా పడవను చూడగలదే గాని బుట్టలోని చేపను చూడలేదు. షికారుకు పోయిన పడవను, వేటకు పోయిన పడవను వేరుచేయలేదు. ఒడ్డున కూర్చుండి గాలము వేయువాడు దానికి కనబడడు. కావున మనుష్యులు రేవునకు పోయి, వచ్చినవారిని అడిగి, చేపలను కొలువవలసినదే.

ఒక చిన్న లెక్క చూతము. ఒక దినమున కెమెరా 40 పడవలను చూపినదనుకొందము. రేవులో 10 పడవలను విచారింపగా 8 వేటకు పోయినవి. వాటిలో 24 చేపలు ఉన్నవి. అనగా పడవకు 3. ఈ లెక్కన 40 పడవలలో 32 వేటకు పోయినవి, చేపలు 96. మరుసటి సంవత్సరము అట్టి దినముననే 60 పడవలు వచ్చి, వేటకు పోయిన 48 పడవలకు సగటున 2 చేపలే దొరకినవనుకొందము. మొత్తము మరల 96! మొత్తము మారలేదని సంతోషింపరాదు. శ్రమ పెరిగి ఫలము తగ్గినది. చేప పలుచబడుచున్నదేమో విచారింపవలెను. ఒక్క కెమెరాను గాని, ఒక్క విచారణను గాని నమ్మినచో ఈ సంగతి పూర్తిగా తెలియదు.

లెక్క వేరు, నిఘా వేరు

పడవలను ఎంచుటకు ముఖములతో పనిలేదు. కెమెరా తమను పట్టుకొనుటకే ఉన్నదని జనులు భయపడినచో, రేవులో అడిగిన ప్రశ్నకు నిజము చెప్పరు. అప్పుడు లెక్కయే చెడును.

లెక్క తేలినను తగవు తీరునని చెప్పలేము. 2013లో స్నాపరు వేటపై పరిమితులు తగ్గింతుమనగా వేలాదిమంది అభ్యంతరములు తెలిపిరి. చివరకు 2014 ఏప్రిల్‌లో ఈశాన్య తీరమున ఒక్కొక్కరికి దినమునకు 9 చేపలకు బదులు 7 అనియు, కనీసపు పొడవు 27 సెంటీమీటర్లకు బదులు 30 అనియు నిర్ణయించిరి.

మనకేమి?

మన చెరువుగట్లపై కెమెరాలు పెట్టుమని మేము చెప్పుట లేదు. చేపల హక్కును కౌలుకు తీసికొన్న జాలరులకును, గాలములతో వచ్చు ఊరివారికిని మాట పట్టింపులు వచ్చిన చోట, తీర్పునకు ముందు లెక్క కావలెను. వారమునకు రెండు దినములు, అందొకటి సెలవు దినముగా, గట్టుపై ఒకరు కూర్చుండి ఎందరు వచ్చిరో, ఏమి పట్టిరో పుస్తకమున వ్రాసిన చాలును. వ్రాయుట ఎందులకో ముందుగా గ్రామసభలో చెప్పవలెను. వ్రాసినది అందరికిని చదివి వినిపింపవలెను. అందరెరిగిన లెక్కపై చేసిన కట్టుబాటునే అందరును మన్నింతురు.