కాలవగట్టు మీదే ఎందుకు మోగుతుంది?

ప్రశ్న: కాలవగట్టు రోడ్డెక్కితే కారు ముందు ఎడమవైపు టకటకమంటోంది. రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన అతుకుల మీద మాత్రం చప్పుడు లేదు. షాకబ్జార్లు మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, కొవ్వూరు

జవాబు: తొందరపడకండి. ముందు జాకీ, స్పానర్, డోరు అరల్లో సీసాలు తీసేసి ఓసారి తిరిగి రండి. మా బావగారి కారును నెల్లాళ్లు గిలగిల్లాడించిన చప్పుడు చివరికి సీటు కింద దొర్లుతున్న కొబ్బరికాయ!

అయినా మోగితే, గతుకుల్లో నెమ్మదిగా పోతూ బ్రేకు కాస్త నొక్కిపట్టండి. ఆగిపోయిందా, బ్రేకు ప్యాడ్లు వదులైనట్టే.

మీరు చెప్పిన వంతెన సంగతే అసలు ఆధారం. 1974లో ప్రారంభమైన ఆ వంతెన అతుకులు రెండు చక్రాలకూ ఒకేసారి తగులుతాయి. గట్టు మీద ఒక చక్రం గుంటలో, ఒకటి మిట్ట మీద. అప్పుడే ఆ రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి, దాని లింకు అరిగి ఉంటే మోగుతుంది. నా అనుమానం దానిమీదే. లింకు మీది రబ్బరు తొడుగు చిరిగితే బురదనీళ్లు దూరి కీలు త్వరగా అరుగుతుంది. ఇంజను ఆపి, చదునైన చోట లింకును చేత్తో ఊపించి చూడండి. కటకటమంటే అదే దొంగ. ఖర్చు షాకబ్జార్ల కంటే చాలా తక్కువ. షాకబ్జారు ఒంటిమీద నూనె కారిన తడి ఉంటే మార్పు మాట. మారిస్తే రెండువైపులా మార్పించండి.