పూర్వబోధలు మనకు యథాతథముగా అందినవా?

పూర్వాచార్యులు పలికిన ధర్మవాక్యములు పలికినవి పలికినట్లుగనే మనకు చేరినవా, నడుమ మార్పు చెందినవా యను ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే చెందినది కాదు. “శాస్త్రమిట్లు చెప్పుచున్నది” యను నొక్కమాటతో వితంతువుల బ్రతుకులను, బాలికల విద్యను, దేవాలయ ద్వారమున ఎవరు నిలువవలెనో ఎవరు లోనికి పోవలెనో యను విషయమును నిర్ణయించిన దేశము మనది. కావున ఆ మాట నిజముగా శాస్త్రమున నున్నదా యని విచారించుట మన విధి. న్యాయస్థానమున దస్తావేజు దాఖలైనప్పుడు మూడు ప్రశ్నలు పుట్టును. ఇది మూలమా, నకలా? ఎవరి చేతులమీదుగా వచ్చినది? దీనికి తోడుసాక్ష్యము కలదా? ఆ ప్రశ్నలనే ధర్మగ్రంథములకును వేయుదము.

సాక్ష్యమునకై దూరము పోనక్కరలేదు. మిర్యాలగూడ పొలములకు నీరందించు ఎడమ కాలువ ఏ జలాశయమునుండి బయలుదేరుచున్నదో, ఆ నాగార్జునసాగరము నీటి క్రింద ప్రాచీన బౌద్ధ విద్యాస్థానమొకటి మునిగియున్నది. 1926లో వెలుగుచూచిన ఆ నాగార్జునకొండ కట్టడములలో ముఖ్యమైనవానిని జలాశయము నిండకముందే కొండమీదికిని, అనుపునకును తరలించిరి. అచ్చటి మహాచైత్యపు స్తంభశాసనములు ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని 6వ పాలనావర్షము నాటివి, అనగా క్రీ.శ. 3వ శతాబ్దమువి. చైత్యనిర్మాణమును ముగించిన ఆనందుడను భిక్షువు అందు తన గురువులను గూర్చి చెప్పుచు, వారు దీఘ, మజ్ఝిమ నికాయములను, పంచమాతుకలను బోధించువారని తెలిపెను. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శాసనమున దాతయగు ధమ్మసేనుడు “వినయధరుడు”. ధరుడనగా గ్రంథమును చేత పట్టినవాడు కాడు. భిక్షునియమములను మనస్సున ధరించినవాడు.

ఈ శిలలు రుజువుచేయునది ఎంత? ఆ కాలమున ఆ పేరుగల బోధలు మన కృష్ణాతీరమున గురుశిష్య పరంపరలో నడచుచుండెనని మాత్రమే. అవి బుద్ధుని నోటి మాటలే యని శిల చెప్పజాలదు. బుద్ధుని నిర్యాణము క్రీ.పూ. 5వ శతాబ్దమున గాని 4వ శతాబ్దమున గాని జరిగెనని చరిత్రకారులు తలంతురు. బోధలు తొలిసారి గ్రంథస్థమైనవి క్రీ.పూ. 1వ శతాబ్దమున, లంకలో వట్టగామణి అభయుని కాలముననని సింహళ సంప్రదాయము. నడుమ మూడు నాలుగు వందల యేండ్లు అవి కంఠముననే నిలిచినవి.

ఇట్టియెడ మూలము దొరకదు గనుక, వేరువేరుగా పెరిగిన రెండు నకళ్లను సరిపోల్చుటయే మార్గము. ఆనందుని గురువుల శాఖకు చెందిన గ్రంథములు మనకు దక్కలేదు. కాని పాలి నికాయములు లంకలో నిలిచినవి. ఇతర శాఖల సంపుటములు చీనా భాషలోనికి పరివర్తనము చెందినవి. వానిలో మధ్యమాగమము 397-398లోను, దీర్ఘాగమము 413లోను అనువదింపబడెను. పాలి దీఘనికాయమున 34 సూత్రములు, చీనా దీర్ఘాగమమున 30. మజ్ఝిమమున 152, మధ్యమాగమమున 222. వరుస వేరు, ఊళ్ల పేర్లు, కథాసందర్భములు పలుచోట్ల వేరు. అయినను చతురార్యసత్యములు, అష్టాంగమార్గము రెంటను నొక్కటియే. కూడబలుకుకొనని ఇద్దరు సాక్షులు ముఖ్యాంశమున ఏకీభవించి, చిల్లర విషయములందు భేదించినప్పుడు వారి సాక్ష్యము నమ్మదగినదే యగును. సారము చేరినది, అక్షరమక్షరమును గూర్చి ప్రమాణము చేయరాదు.

వేదముల విషయమున కథ తలక్రిందులు. పద, క్రమ, జటా, ఘన పాఠములచేత వైదికులు ఒక్కొక్క పదమును ముందు వెనుకలుగా త్రిప్పి చదివి, స్వరము సైతము చెడకుండ కాపాడిరి. అక్షరము నిలిచెను. అర్థమో? మంత్రములకు అర్థమే లేదను కౌత్సుని పక్షమును యాస్కుడు తన నిరుక్తమున ఖండింపవలసివచ్చెను. అనగా అంతటి పూర్వకాలముననే అర్థమును గూర్చి వివాదము పుట్టెనన్నమాట.

ఋగ్వేదము 10వ మండలము, 18వ సూక్తము, 7వ మంత్రమున “అగ్రే” యను పదము కలదు. ముందుగా అని దాని భావము. వంగదేశీయుడగు రఘునందనుని ధర్మగ్రంథమున అది “అగ్నేః” అని కనబడుచున్నది, అనగా అగ్నియొక్క. ఈ పాఠమును చూపి వేదమే సహగమనమును విధించినదని వాదించిరి. మంత్రము చెప్పునది భర్తలు గల స్త్రీలను గూర్చి. దాని తరువాతి మంత్రము శవము చెంతనున్న స్త్రీని బ్రతికినవారి లోకమునకు లెమ్మని పిలుచుచున్నది! అది లేఖకదోషమో, బుద్ధిపూర్వకమో యెట్లున్నను, దానిని పట్టియిచ్చినది వైదికుల కంఠపాఠమే. కంఠము కాపాడినదానిని ఉదాహరణ చెరిపెను. సహగమనము 1829లో శాసనముచే నిషేధింపబడెను. ఆ పాఠదోషమును విల్సను పండితుడు 1854లో ప్రకటించెను. అంతవఱకు పుటను తెరచి సరిచూచినవారెందఱు?

దీనినుండి మనము గ్రహింపవలసినవి రెండు. మొదటిది: ఎవరేమి ఉదాహరించినను మూలముతో సరిచూడవలెను. ఇది మనము క్రొత్తగా కల్పించిన సూత్రము కాదు. “బుద్ధుని నోటనే వింటిని” అని యొకడు చెప్పినను, వెంటనే మెచ్చుకొనక, త్రోసివేయక, సూత్రవినయములతో పోల్చిచూడుడని మహాపరినిర్వాణ సూత్రమే విధించినది. రెండవది: యథాతథముగా అందినంత మాత్రమున నొక వాక్యము న్యాయమైనది కాదు. దస్తావేజు అసలైనదని తేలిన పిమ్మటకూడ అందలి షరతు ధర్మమా యని విచారించుట మిగిలియేయుండును. మొదటి పరీక్షకు విద్య కావలెను. రెండవదానికి అంతఃకరణము కావలెను. మన యిండ్లలో నిక “శాస్త్రము” అను మాట వినబడినప్పుడు, పరుషముగా గాక వినయముతోనే, ఏ గ్రంథమున, ఏ పాఠమున, ఎవరికి హితముగా అని అడుగుట అలవరచుకొందము.