కొత్త తెరతో చనువు

గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో చెయ్యి తిరిగినవాళ్లకి కూడా, ఆర్ భాషకి వాడే ఆర్‌స్టూడియో తెరవగానే కాళ్లూ చేతులూ ఆడవు. పరిశోధక విద్యార్థులకీ, తోటి అధ్యాపకులకీ ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

1. మొదటిరోజే మీ థీసిస్ డేటా ఎక్కించకండి. ఆర్‌తో పాటే ఐరిస్ అనే డేటా వస్తుంది. మూడు జాతుల పూలు, జాతికి 50 చొప్పున 150. ఎడ్గార్ ఆండర్సన్ కొలిచిన ఈ పూలనే గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1936 నాటి వ్యాసంలో వాడారు. రక్షకపత్రాల సగటు పొడవు 5.84 సెంటీమీటర్లు. రావలసిన అంకె ముందే తెలిస్తే మీ చూపంతా తెర మీదే ఉంటుంది. కొత్తలో కావలసింది అదే.

2. తెరలో నాలుగు గడులు ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. మొదటిసారి తెరిస్తే మూడే కనబడతాయి. కంగారుపడకండి, కొత్త స్క్రిప్ట్ తెరవగానే ఎడమవైపు పైన నాలుగోది వస్తుంది. దాని కింద కన్సోల్. కుడివైపు పైన మీ డేటా పేర్లు, కింద బొమ్మలు, హెల్ప్.

3. ఆదేశాలు స్క్రిప్టులోనే రాయండి. కంట్రోల్ నొక్కిపట్టి ఎంటర్ కొడితే ఆ వరుస కన్సోల్‌కి వెళ్లి నడుస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఓకే బదులు పేస్ట్ నొక్కే అలవాటున్నవాళ్లకి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది.

4. కన్సోల్‌లో కూడిక గుర్తు వచ్చి ఆగిపోయిందంటే ఎక్కడో బ్రాకెట్టో కోట్ గుర్తో మూయలేదన్నమాట. ఎస్కేప్ కొట్టండి.

5. దీని దగ్గర మాత్రం కాస్త నిలబడండి. సర్వేలో వయసు చెప్పనివాళ్లకి 99 వేయడం మనకి పాత అలవాటు. ఎస్‌పీఎస్‌ఎస్ వేరియబుల్ వ్యూలో, మిస్సింగ్ గడిలో 99 అని రాసి ఉంటుంది కాబట్టి అది లెక్కలోకి రాదు. అదే ఫైలును సీఎస్‌వీగా మార్చి ఆర్‌లోకి తెస్తే ఆ గుర్తింపు పోతుంది. వయసు చెప్పని ఇరవై ఏళ్ల అమ్మాయి తొంభై తొమ్మిదేళ్ల ముసలమ్మ అయిపోతుంది. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు, సగటు మాత్రం పైకి పోతుంది. అందుకే డేటా తెచ్చిన వెంటనే సమ్మరీ తీసి ప్రతి గరిష్ఠ విలువనూ చూడండి. 99లను ఎన్‌ఏగా, అంటే విలువ లేదన్న గుర్తుగా, మార్చండి. అప్పుడు సగటు అడిగితే ఎన్‌ఏ అనే జవాబిస్తుంది. ఖాళీలున్నాయని ఆర్ ముఖం మీదే చెప్పడం నాకెంతో నచ్చే గుణం. వాటిని వదిలేయమని మనమే చెప్పాలి.

6. మూసేటప్పుడు వర్క్‌స్పేస్ దాచమంటావా అని ఆర్‌స్టూడియో అడుగుతుంది. ఆప్షన్లలో 'నెవర్' పెట్టేయండి, తెరిచేటప్పుడు పాతది తెచ్చే టిక్కు కూడా తీసేయండి. లేకపోతే నిన్న మిగిలిపోయిన డేటా మీద నేటి స్క్రిప్ట్ నడిచి, అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. మీ గైడుగారి కంప్యూటర్‌లో నడపబోతే ఆగిపోతుంది.

7. ఒక అధ్యాయం లెక్కలు పూర్తిగా ఎస్‌పీఎస్‌ఎస్‌లోనూ ఆర్‌లోనూ చేసి, పట్టికలు పక్కపక్కన పెట్టి సరిచూసుకునేదాకా పాతదాన్ని తీసేయకండి.