కడుపులోని అవయవముల కొలతలు

మనుష్యుని ఎత్తును, బరువును కొలుచుట సులభము. కడుపులోని కాలేయము, ప్లీహము, మూత్రపిండముల పరిమాణము నెరుగుట అంత సులభము కాదు. పూర్వము వైద్యుడు చేతితో నొక్కి చూచి నిర్ణయించెడివాడు. 'కడుపులో బల్ల పెరిగినది' అని మన పెద్దలు చెప్పునది ప్లీహపు వాపును గూర్చియే. అయితే ప్లీహము ఎడమ ప్రక్కటెముకల చాటున నుండును. బాగుగా పెరిగినగాని సాధారణముగా చేతికి తగులదు.

1958లో గ్లాస్గో నగరమున ఇయాన్ డొనాల్డు, ఆయన సహచరులు ధ్వనితరంగములతో ఉదరమును పరీక్షించు విధానమును ప్రకటించిరి. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రము లండనులో తొలిసారిగా రోగికి ఉపయోగింపబడెను. అది మొదట తలకు, పిదప ఉదరమునకు అక్కరకు వచ్చెను.

ధ్వని మన మాంసమందు సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోవును. ప్రతిధ్వని సెకనులో పదివేలవ వంతున తిరిగి వచ్చినదనుకొందము. రాకపోకల దూరము 15.4 సెంటీమీటర్లు; అందు సగము, అనగా 7.7 సెంటీమీటర్లు, ఆ అవయవపు లోతు. ఇట్టి లెక్కలనే అల్ట్రాసౌండు యంత్రము క్షణములో చేసి చిత్రముగా చూపును.

వయోజనులలో మూత్రపిండపు పొడవు సుమారు 9 మొదలు 12 సెంటీమీటర్లు. ఎడమది తరచుగా కొంచెము పెద్దది. ప్లీహము పొడవు సాధారణముగా 12కు మించదు. కాలేయమును కుడి మెడయెముక నడుమనుండి దిగు నిలువుగీతపై కొలుతురు. అది సుమారు 15, 16 వరకు ఉండును. ఉదరమందలి బృహద్ధమని వ్యాసము 3 సెంటీమీటర్లకు చేరినచో, అది ఉబ్బినదని వైద్యులు జాగ్రత్త వహింతురు.

ఈ అంకెలు తీర్పులు కావు. పొడగరి అవయవములు పొట్టివానివాటికంటె పెద్దవై యుండవచ్చును. కొందరి కాలేయపు కుడిభాగము నాలుకవలె క్రిందికి సాగియుండును. అది రోగము కాదు. కొలుచువాని నేర్పును ముఖ్యమే. పొడవాటి వంకాయను ఏటవాలుగా కోసినచో ముక్కయందు పూర్తి పొడవు కానరానట్లే, మూత్రపిండమును సరియైన తలమున చూడనిచో కొలత తగ్గిపోవును.

ఇందుకు విపర్యయమును కలదు. ఒకని మూత్రపిండము నేడు 9.5 సెంటీమీటర్లున్నదనుకొందము. అంకె హద్దులోనిదే. కాని రెండేండ్ల క్రిందట అదే 11.5 అయినచో, అది కుంచించుకొనిపోవుచున్నదేమోయని విచారింపవలసియుండును. పాత కాగితము లేనిచో ఈ సంగతి యెవరికిని తెలియదు.

కావున విద్యార్థులారా! ఇంటి పెద్దల పరీక్షాపత్రమున ఒక అంకె హద్దు కొంచెము దాటినంతమాత్రమున భయపడకుడు. హద్దులో నున్నదని నిర్లక్ష్యమును చేయకుడు. పాత పత్రములను తేదీలవారీగా భద్రపరచి వైద్యునకు చూపుడు. మీరు గణితమున నేర్చిన పోల్చిచూచు గుణము అచ్చట ఒక ప్రాణమునకు మేలు చేయవచ్చును.