విడుదలకు ముందు

పటాన్‌చెరు పేరు వినగానే ఔషధ కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. మందు అంగడికి చేరే ముందే దాని పొట్లంపై బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ముద్రిస్తారు. అదే పట్టణం చెంత 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థలో విత్తనాలకూ ఇటువంటి జాగ్రత్తే తీసుకొంటారు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మొదలైన పంటల విత్తనాలను అక్కడి జన్యునిధిలో గాలి చొరని అల్యూమినియం సంచులలో ఉంచి, మైనస్ ఇరవై డిగ్రీల చలిలో భద్రపరుస్తారు. ఏ విత్తనం ఏ దేశానిదో తెలిపే వివరం దానికి తోడుగా ఉంటుంది.

కంటికి కనిపించని సరుకు మరొకటి ఉంది. అది కంప్యూటరు ప్రోగ్రాము. దానిని కూడా పరీక్షించి, పేరు రాసి, వివరం జతచేసి పంపవలసినదే.

1982లో హవాయి విశ్వవిద్యాలయం కేంద్రంగా ఇబ్స్‌నాట్ అనే అంతర్జాతీయ పథకం ప్రారంభమైంది. ఒకచోట లభించిన వ్యవసాయ విజ్ఞానాన్ని మరొకచోటికి చేర్చడం దాని ఆశయం. మొక్కజొన్న, సోయా వంటి పంటల పెరుగుదలను లెక్కించే ప్రోగ్రాములు అప్పటికే ఉన్నాయి. అయితే ఒకదానికి సమకూర్చిన దత్తాంశం మరొకదానికి పనికివచ్చేది కాదు. ఇందుకు అవసరమైన కనీస దత్తాంశం ఏదో చర్చించడానికి 1983 మార్చిలో ఇక్రిశాట్ ప్రాంగణంలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. ప్రతిదినపు ఎండ, గరిష్ఠ కనిష్ఠ ఉష్ణోగ్రతలు, వర్షపాతం, నేల స్వభావం, విత్తిన తేదీ మొదలైనవి అటువంటి దత్తాంశంలో ముఖ్యమైనవి. ఇక్రిశాట్ క్షేత్రంలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. ఒకే వాన కురిసినా అవి నిలుపుకొనే తేమ వేరు. కనుక నేల వివరం లేని లెక్క నమ్మదగినది కాదు. వివిధ నమూనాలను ఒకే పద్ధతి దత్తాంశంతో నడిపే డి.ఎస్.ఎస్.ఎ.టి. అనే ప్రోగ్రాముల సంపుటి 2.1వ రూపం 1989లో విడుదలైంది.

ప్రతి వంగడానికీ పూతకు పట్టే కాలం వంటి గుణాలను సూచించే కొన్ని సంఖ్యలుంటాయి. ప్రోగ్రాము చెప్పిన దిగుబడికీ, పొలంలో వచ్చిన దిగుబడికీ మధ్య తేడా కనిష్ఠమయ్యేలా ఆ సంఖ్యలను వెదకాలి. ఇటువంటి అన్వేషణను ఆప్టిమైజేషన్ అంటారు. పొగమంచులో లోయ అడుగుకు దిగే బాటసారి చిన్న గుంటను చూసి అదే అడుగని భ్రమపడవచ్చు. ప్రోగ్రాముకూ ఆ ప్రమాదం ఉంది. అందువల్ల వేరువేరు చోట్ల నుంచి వెదకి చూడవలసిందని వాడుకరికి ముందుగానే తెలపాలి.

విడుదల చేసేవారు పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, ప్రతి సంఖ్యకూ కొలమానం పేర్కొనడం. 1999లో రెండు బృందాలు వేరువేరు కొలమానాలు వాడినందున అంగారకుని చేరవలసిన అమెరికా నౌక ఒకటి నశించింది. రెండవది, జవాబు తెలిసిన ఒక మాదిరి లెక్కను జతచేయడం. వేరువేరు యంత్రాలపై చివరి దశాంశాలు మారవచ్చును కాబట్టి ఎంత తేడా సహించదగినదో కూడా చెప్పాలి. మూడవది, రూపసంఖ్య వేసి, వెనుకటి రూపానికీ దీనికీ గల మార్పులను రాయడం. నాలుగవది, ఏ నేలలలో, ఏ వాతావరణంలో పరీక్షించారో దాచకుండా తెలపడం. అయిదవది, ఎవరు ఏ షరతులపై వాడుకోవచ్చునో స్పష్టం చేయడం. డి.ఎస్.ఎస్.ఎ.టి. పంట నమూనాల మూలపాఠాన్ని 2019లో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. నాటి నుంచి ఎవరైనా దానిని చదివి దోషాలను ఎత్తిచూపవచ్చును.

ఇంత శ్రమ దేనికి? అంగుళాలలో కొలిచిన వానను మిల్లీమీటర్లుగా ఎక్కించినా ప్రోగ్రాము ఆగిపోకపోవచ్చు. ఇరవై అయిదు వంతుల వానను ఒక వంతుగా భావించి జవాబు చెబుతుంది. ఆ జవాబును నమ్మి సలహా ఇస్తే, వానపై ఆధారపడిన రైతు అదను తప్పి విత్తుతాడు. అతనికి మూలపాఠం తెలియదు, రూపసంఖ్య తెలియదు. ఆ ఏటి పంట పోయిందని మాత్రమే తెలుస్తుంది. విడుదలకు ముందు పడిన శ్రమ అంతా అతని కొరకే.

ప్రశ్నలు
1. విత్తన భాండానికీ, ప్రోగ్రాము విడుదలకూ గల పోలికలను వివరించండి.
2. 1983 నాటి సదస్సు ఆవశ్యకతను తెలపండి.
3. లోయలో బాటసారి ఉపమానం ద్వారా రచయిత ఏమి బోధించారు?