పొడుచు ఎద్దు – దాని యజమానుడు

పాఠభాగము: నిర్గమకాండము 21:28–30



ఎద్దు మనుష్యుని పొడిచి చంపినయెడల ఏమి చేయవలెనో మోషే ధర్మశాస్త్రము రెండు విధములుగా చెప్పుచున్నది. ఎన్నడును పొడవని ఎద్దు పొడిచినచో ఎద్దునే చంపుదురు; యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని అతనికి ముందే తెలిపినను, కట్టివేయక విడిచినయెడల అతనికిని మరణశిక్షయే. రెండు చోట్లను ఎద్దు ఒకటే, చావును ఒకటే. భేదమంతయు యజమానునికి తెలిసియుండుటలో ఉన్నది.

నేడు మన పల్లెలలో ఎద్దుల పని చాలవరకు ట్రాక్టరు చేయుచున్నది. త్రాగినవాని చేతిలోని బండి పొడుచు ఎద్దే. "కొంచెమే పుచ్చుకొంటిని, మజ్జిగ త్రాగితిని, దిగిపోయినది" అనువారు కలరు. మజ్జిగగాని నిమ్మరసముగాని రక్తములోని మద్యమును తీసివేయజాలవు; కాలమే తీసివేయవలెను. రాత్రి మిక్కిలిగా త్రాగినవానికి తెల్లవారినను అది మిగిలియుండవచ్చును. చెట్టునుండి దిగినది గనుక కల్లు లెక్కలోనికి రాదనుట మరియొక భ్రమ.

దేశ చట్టము ఏమనుచున్నది? 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, ఊపిరి పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నట్లు తేలినచో నేరము. నడుపుటయే కాదు, నడుప ప్రయత్నించుటయు నేరమే. 2019 సవరణ ప్రకారము మొదటిసారి ఆరు నెలలవరకు ఖైదుగాని, 10,000 రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింతురు. మరల చేసినచో రెండేండ్లవరకు ఖైదుగాని, 15,000 రూపాయలుగాని, రెండునుగాని; అప్పుడు లైసెన్సును కూడ కోర్టు రద్దుచేయును. ఇది దారిలో చలానా కట్టి వెళ్లిపోగల తప్పు కాదు, కోర్టులో నిలువవలెను. పరీక్షకు ఊదననుటయు మేలు చేయదు. సరియైన కారణములేని నిరాకరణను అతనికి విరోధముగా చూపవచ్చును. కూలి చేసికొను ఇంట 10,000 రూపాయలనగా ఎన్ని దినముల కష్టమో ఆ ఇంటి తల్లినడుగుడి.

ప్రాణము పోయినయెడల సంగతి వేరు. 2006లో ముంబాయిలో త్రాగి కారు నడిపిన యువకుడొకడు దారి ప్రక్కను నిద్రించుచున్న కూలీలమీదికి పోనిచ్చెను, ఏడుగురు చనిపోయిరి. అది కేవలము అజాగ్రత్త కాదనియు, అట్లు నడిపిన మనుష్యులు చావవచ్చునని అతనికి తెలిసియున్నట్లే ఎంచవలెననియు 2012లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి మూడేండ్ల శిక్షను స్థిరపరచెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు ఈ భేదమును పాటించుచున్నది: అజాగ్రత్తవలని మరణమునకు అయిదేండ్లవరకు, తెలిసి చేసినదానికి పదేండ్లవరకు ఖైదు. మోషే ధర్మశాస్త్రములోని యజమానుని సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి.

మనము ఎక్కువగా ఆలోచింపవలసినది 188వ సెక్షను. ఈ నేరమునకు ప్రోత్సహించి తోడ్పడినవానికిని నేరస్థుని శిక్షయే. గుడిలో పెండ్లి భక్తితోనే జరుగును. తరువాత పెండ్లివారు డ్రైవరును చాటుకు పిలిచి సీసా ఇచ్చి, అదే ట్రాలీలో స్త్రీలను పిల్లలను ఎక్కించి పంపుదురు. "మామూలు" అందురు. త్రాగినవాడని ఎరిగి తాళము చేతికిచ్చినవాడును ఆలోచించుకొనవలెను. పట్టుబడిన పిమ్మట సిఫారసుకై స్టేషనుకు పరుగెత్తు సంఘపెద్దలు, బండి కదలకముందు ఆ తాళము తీసికొనుటకు ఏల వెనుదీయుదురో నాకు బోధపడదు. అతడు నొచ్చుకొనునని కాబోలు.

30వ వచనము ప్రాణమునకు విమోచన ధనమును గూర్చి చెప్పుచున్నది. ఈ కాలమున ఆ ధనమును మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నిర్ణయించును. సాధారణముగా బీమా కంపెనీ చెల్లించును. అయితే డ్రైవరు త్రాగియుండెనని చూపి బాధ్యతను త్రోసివేయుటకు చట్టము కంపెనీకి అవకాశమిచ్చుచున్నది. అట్టి సమయమున భారము బండి యజమానునిపై పడును. అందుచేత ఈ యేటి క్రిస్మసు ప్రయాణములకును కన్వెన్షను కూటములకును బండి మాటలాడునపుడే, తాళము ఎవరియొద్ద నుండవలెనో సంఘములో ముందుగా నిర్ణయించుకొనుడి.