ముందు తూకం, తర్వాతే పొదుపు

చార్జింగ్ అయిపోగానే గుర్తుపెట్టుకుని ఫోను ప్లగ్గు పీకే మనిషే, గీజర్ వేసి మరో పనిలో పడిపోతాడు. ఫోనుకు రోజూ నిండా చార్జింగ్ పెట్టినా ఏడాది మొత్తానికి పది యూనిట్లు కాలవు. రెండు కిలోవాట్ల గీజర్ నీళ్లు కాచే పనిలో ఐదు గంటలు గడిపితే అదే పది యూనిట్లు. మన గ్రిడ్‌లో ఒక్క యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ మనిషికి శ్రద్ధ ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వ్యక్తిత్వ వికాసం పేరుతో క్రమశిక్షణ గురించి, సంకల్పబలం గురించి చాలా చెబుతారు. ఏది పెద్దదో ఏది చిన్నదో పోల్చుకునే తారతమ్య జ్ఞానం గురించి తక్కువ చెబుతారు. ఇంటి నుంచి వెలువడే కర్బనాన్ని తగ్గించాలనుకునేవారికి మొదట కావలసిన గుణం అదేనని నా వాదన.

ఈ లోపం మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. 2010లో షాజీన్ అత్తారీ, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో ఐదు వందల మందిని ఒక ప్రశ్న అడిగారు: ఇంధనం ఆదా చేయడానికి మీరు చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే ఫలితమిచ్చేది ఏది? ఎక్కువసార్లు వచ్చిన జవాబు లైట్లు ఆర్పడం. తక్కువ కరెంటు తాగే యంత్రానికి మారడమనే ఆలోచన కొద్దిమందికే తట్టింది. పెద్ద యంత్రాలు ఎంత తాగుతాయో చెప్పమంటే అసలుకు బాగా తక్కువగా ఊహించారు. వెలిగే లైటు కళ్లెదుట ఉంటుంది, గోడకు అవతల తిరిగే ఏసీ కంప్రెసర్ ఉండదు. మనసు కనిపించినదాన్నే తూస్తుంది. పైగా చిన్న మంచిపని ఇచ్చిన తృప్తి పెద్దపనిని వాయిదా వేయిస్తుంది. గుడ్డసంచి పట్టుకుని వీధి చివరి దుకాణానికి కారులో వెళ్లేవారు తమ బాధ్యత తీరిందని మనస్ఫూర్తిగానే నమ్ముతారు.

అందుకని ఒక మధ్యతరగతి ఇంటిని లెక్కలోకి దింపి చూద్దాం. 14.2 కిలోల గ్యాస్ బండ ఒకటి కాలితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి ఎనిమిది బండలైతే 340 కిలోలకు దగ్గర. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున 300 రోజులు తిరిగితే, లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకు 280 కిలోల లోపే వదులుతుంది. 15 కిలోమీటర్లిచ్చే కారు 900 దాటిస్తుంది. టన్నున్నర ఏసీ రాత్రికి తొమ్మిది యూనిట్లు తాగితే వంద వేసవి రాత్రులకు 600 కిలోల పైమాట. మూత పెట్టి వండడం, పప్పు నానబెట్టి కుక్కర్‌లో ఉడికించడం మంచి పనులే, చేయాలి. అయితే మొత్తం వంటిల్లు ఏడాదంతా కాల్చే గ్యాసు, ఆ కారు వదిలేదానిలో సగం కూడా లేదు. సీలింగ్ ఫ్యాన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. పాత ఫ్యాన్‌కు 75 వాట్లు కావాలి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టూ చాలు. మన ఎండల్లో రోజుకు 12 గంటలు, 300 రోజులు తిరిగిందనుకుంటే తేడా 160 యూనిట్లు, అంటే 110 కిలోలు. ఒక్క ఫ్యాన్ మార్పు రెండు గ్యాస్ బండలకు మించిన పని చేస్తోంది.

తిండి లెక్క వేరు. మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యే ఆహారం మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా. పారేసిన అన్నం డంపింగ్ యార్డులో గాలి ఆడక కుళ్లి మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై ఏడెనిమిది రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. నీళ్లు నిలిపిన వరిమడి కూడా మీథేన్ వదులుతుంది కాబట్టి, చెత్తలో పడిన అన్నం పొలంలో ఒకసారి, కుప్పలో ఒకసారి లెక్కకు వస్తుంది. కంపోస్టు చేస్తే రెండోది తప్పుతుంది. మొదటిది తప్పాలంటే రేపటి మనుషుల్ని లెక్కపెట్టుకుని బియ్యం పోయాలి.

తూకం తెలిశాక సంకల్పబలం అవసరం చాలా తగ్గుతుందన్నది ఈ వాదనలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం. రోజుకు పదిసార్లు నిగ్రహం చూపించాల్సిన పనులు నెలలోపే జారిపోతాయి. ఒకసారి తేల్చేసే నిర్ణయాలు నిలుస్తాయి. 2015లో మొదలైన ఉజాలా పథకంలో దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లకు చేరాయి. ఎవరి స్వభావమూ మారకుండానే 60 వాట్ల చోట 9 వాట్లు వచ్చి కూర్చున్నాయి. ఏసీని 20 డిగ్రీల్లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 26లో పెట్టి ఫ్యాన్ వేసుకోవడమూ అలాంటిదే. డిగ్రీకి సుమారు ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. ఆ లెక్కన మూడో వంతు దాకా మిగులుతుంది.

దీనికి గట్టి ఆక్షేపణే ఉంది. ఒక్కో మనిషి తన కర్బన లెక్క చూసుకోవాలన్న మాటకు బాగా ప్రచారం తెచ్చినవాటిలో బీపీ అనే చమురు కంపెనీ ఒకటి. 2004లో అది జనం కోసం ఒక కాలిక్యులేటర్‌నే తయారుచేసింది. బావిలోంచి చమురు తోడేవారు బాధ్యతను వంటింటికి నెట్టారన్న విమర్శలో నిజముంది. సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల దగ్గర, అమెరికన్‌ది పద్నాలుగు చుట్టుపక్కల. అలాంటప్పుడు మనమెందుకు అనడం న్యాయమైన ప్రశ్నే. అయితే సగటు అనేది గుడిసెనూ మేడనూ కలిపి తీసిన అంకె. హైదరాబాద్ నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి ఒక్కసారి వెళ్లొచ్చే ప్రయాణం మనిషికి రమారమి రెండు టన్నులు. పిల్లల్ని చూడొద్దని ఎవరూ అనకూడదు, నేనూ అనను. ఆ ప్రయాణం చేయగలిగిన కుటుంబం పేదల సగటు చాటున దాక్కోకూడదని మాత్రం అంటాను. బొగ్గు నుంచి మళ్లడం ప్రభుత్వాల పని. ఆ పని చేయమని అడగడానికైనా ఏది ఎంతో తెలిసిన పౌరులు కావాలి.

డబ్బే పాఠం నేర్పుతుందన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పేద ఇంటికి అది నిజమైన ఊరట, దాన్ని తప్పుపట్టలేం. కాకపోతే అక్కడ రూపాయి హెచ్చరించదు. చూడాల్సింది యూనిట్ల అంకె. జనవరి యూనిట్లు, మే యూనిట్లు పక్కపక్కన పెడితే చల్లదనానికి ఎంత పోతోందో తెలుస్తుంది. స్తోమత ఉండి సొంత డాబా ఉన్నవారికి పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్‌కు 78 వేల సబ్సిడీ ఉంది. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన, ఏసీ ఉన్న ఇంటికీ అది చిన్న అండ కాదు.

ఈ లెక్కల్లో ఇంటి లోపలి న్యాయం కూడా ఉంది. తడిచెత్త వేరు చేయడం, మిగిలిన కూర మర్నాటికి సర్దడం, స్టవ్ తగ్గించడం లాంటి రోజువారీ బరువంతా ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడుతుంది. కారు, ఏసీ, ఇల్లు ఆఫీసుకు ఎంత దూరంలో ఉండాలన్న నిర్ణయాలు చాలా ఇళ్లలో ఇంకా మగవాళ్ల చేతిలో ఉన్నాయి, కర్బనంలో పెద్ద ముక్కలూ అవే. గ్యాసు ఆదా గురించి భార్యకు చెప్పబోయే భర్త, రోజూ తానొక్కడే ఆఫీసుకు తీసుకెళ్లే కారు లెక్క ముందు ఆమెకు చూపిస్తే ఆ మాటలు మరో తీరుగా నడుస్తాయి.